సంతానసంఖ్యయు సర్కారు సహాయమును

బీద కుటుంబములకు ప్రభుత్వము సహాయము చేయవలెనా యను ప్రశ్న నేడు విద్యావంతులలో పెద్ద వివాదము రేపుట లేదు. కఱవుకాలమున గంజి పోయించుటతో మొదలైన యీ ధర్మము క్రమముగా బియ్యము, చదువు, వైద్యము, ప్రసూతి సహాయము అను శాఖలుగా పెరిగినది. ఇప్పటి తగవంతయు సహాయమును కొలుచు కుంచమును గూర్చినది. ఇంటికింత యని కొలువవలెనా, తలకింత యని కొలువవలెనా? తలకింత యన్నచో నెన్ని తలలవఱకు కొలువవలెను? ఒక బిడ్డ యున్న యింటికిని నలుగురున్న యింటికిని ఒకే మొత్త మిచ్చుట న్యాయమా? మూడవ బిడ్డ మొదలుకొని యేమియు నీయక, కన్నవారే పెంచుకొందురు గాక యని తలుపు వేయుట న్యాయమా?

ఇది లెక్కల కచేరీలో గుమాస్తాలు తేల్చుకొనవలసిన స్వల్పవిషయమని కొందఱు తలంతురు. నే నట్లు తలపను. ఈ కొలతలో నొక ధర్మసూక్ష్మ మిమిడి యున్నది. సహాయము పుచ్చుకొనువా రెవరు? తల్లిదండ్రులా, బిడ్డలా? తల్లిదండ్రులైనచో వారి నడవడిని బట్టి హెచ్చుతగ్గులు చేయుటకు గొంత సమర్థన కలదు. బిడ్డలైనచో, తమ పుట్టుకయందు ప్రమేయ మేమియు లేనివారిని వరుససంఖ్యను బట్టి విభజించుటకు మన కేమి యధికారము కలదు? ఈ రెండు ప్రశ్నలను కలగలిపి మాటలాడుటవలననే యీ విషయమున నింత గందరగోళము పుట్టినది.

మొదట మన యిండ్లకు సమీపమున నున్న కొలతలను పరికింతము. 2013వ సంవత్సరపు జాతీయ ఆహార భద్రతా చట్టము రెండు కుంచములను వాడినది. ప్రాధాన్య కుటుంబములని పేర్కొన్నవారికి తలకు నెలకు 5 కిలోల ధాన్యము. అంత్యోదయ కుటుంబములకు, అనగా నిరుపేదలలో నిరుపేదలకు, ఇంటికి 35 కిలోలు. పైకి జూడగా రెండవదియే మిక్కిలి దయగల కొలతగా దోచును. ఇంట నిద్దరు ముసలివారే యున్నచో నది నిజము. ఏడుగురున్న యింట తలకు 5 కిలోలు వచ్చును; అప్పటికి సామాన్యపు కార్డుతో సమానము. ఎనిమిదవ మనిషి చేరినచో నిరుపేద కార్డు గలవాడు సామాన్యపు కార్డు గలవానికంటె తక్కువ తినవలసి వచ్చును. ఎవరును నిర్దయతో నీ నియమమును వ్రాయలేదు. ఇంటిని లెక్కించి యింటిలోని నోళ్లను లెక్కింప మఱచుటవలన నిది సంభవించినది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశములో తెల్లకార్డుపై తలకు 4 కిలోల బియ్యము, అయినను ఇంటికి 20 కిలోలు మించరాదు అను నియమము నడచినది. అయిదుగురి వఱకు నోళ్లు లెక్కకు వచ్చినవి. ఆఱవ నోటి యాకలి కార్డునకు వినబడలేదు. తెలంగాణము 2015 జనవరినుండి యీ హద్దును తీసివేసి, ఇంట నెందఱున్న నందఱికి, తలకు 6 కిలోల చొప్పున నిచ్చుట ప్రారంభించినది. తిండి విషయమున హద్దు తీసివేయుటయే సబబని సామాన్యులకు సులభముగా దోచినది. ఏలయన నాకలి యెవరి కడుపున నున్నదో కనుగొనుటకు శాస్త్రము చదువ నక్కఱలేదు.

చదువు విషయమునను ఈ రెండు పద్ధతులును మన కన్నుల యెదుటనే నడచినవి. ఆంధ్రప్రదేశమున 2020 జనవరిలో ప్రారంభమైన 'అమ్మఒడి' పథకము, బిడ్డలను బడికి పంపు బీదతల్లికి ఏటికి 15,000 రూపాయలని నిర్ణయించినది. బిడ్డలెందఱున్నను తల్లి యొక్కతె గావున మొత్తమును ఒక్కటియే. 2025 జూనులో వచ్చిన 'తల్లికి వందనం' పథకము ఆ 15,000 రూపాయలనే బడికి పోవు ప్రతి బిడ్డ పేరను లెక్కించినది. ఆ యేడు 67 లక్షలకు పైగా విద్యార్థులు దాని లెక్కలోనికి వచ్చిరి. ఏ ప్రభుత్వము మేలైనదను చర్చ యిక్కడ నాకు బనిలేదు. రెండు కొలతల స్వభావమును మాత్రము చదువరులు గమనింప గోరెదను. మొదటిది తల్లిని గుర్తించు కొలత. రెండవది బిడ్డను గుర్తించు కొలత. మొదటి పద్ధతిలో, ఒక కొడుకును ఒక కూతురును గల తల్లిచేతికి వచ్చిన సొమ్ము ఎవరి పుస్తకములకు, ఎవరి బస్సు చార్జీలకు పోవలెనో యిల్లే తీర్పు చెప్పుకొనవలెను. మన యిండ్లట్టి తీర్పులను సాధారణముగా నెవరి పక్షమున జెప్పునో యెఱుగనివారు లేరు.

ప్రసూతి సహాయమున వరుససంఖ్య మఱింత స్పష్టముగా గనబడును. ఆహార భద్రతా చట్టము, గర్భిణికిని బాలింతకును 6,000 రూపాయలకు తక్కువ గాని సహాయము లభింపవలెనని చెప్పినదే గాని, అది యెన్నవ కాన్పునకని చెప్పలేదు. 2017లో వచ్చిన ప్రధానమంత్రి మాతృవందన యోజన దానిని మొదటి బిడ్డకు, అదియు 5,000 రూపాయలకు, పరిమితము చేసినది. 2022నుండి రెండవ కాన్పున నాడుబిడ్డ పుట్టినచో 6,000 రూపాయలు చేర్చినారు. ఉద్యోగము చేయు స్త్రీలకు 2017 నాటి సవరణచట్టము 26 వారముల ప్రసూతిసెలవు నిచ్చినది. ఇంతకుముందే యిద్దరు బిడ్డలు గల తల్లికి 12 వారములు మాత్రమే. మూడవ కాన్పున శరీరము సగము కాలమునకే కోలుకొనునా? మూడవ శిశువునకు తల్లిపాలు సగము నెలలే చాలునా? కాన్పుమీద కాన్పు వచ్చిన దేహమునకు విశ్రాంతి యింకను ఎక్కువ కావలెనని మన ముత్తవ్వలకు సైతము తెలియును.

ఇట్టి కొలతల ఫలితమేమగునో తెలియవలెనన్న ఇంగ్లండు చరిత్రను జూడవలెను. ఈ తగవు అక్కడ రెండువందల యేండ్లకు పైగా నడచినది. రెండు పక్షముల వాదములును ఆ దేశమున గేవలము మాటలుగా నుండిపోక చట్టములైనవి.

1795 మే నెలలో, బర్క్‌షైరు జిల్లాలోని స్పీన్‌హామ్‌లాండున న్యాయాధికారులు కూడి, రొట్టెధరను బట్టి కూలివాని కుటుంబమునకు ఊరినిధి నుండి భత్యము నిర్ణయించిరి. పెద్ద రొట్టె వెల యొక షిల్లింగై యున్నప్పుడు పురుషునకు వారమునకు 3 షిల్లింగులును, భార్యకును ప్రతి బిడ్డకును ఒకటిన్నర షిల్లింగు చొప్పునను చేరవలెనని వారి లెక్క. మూడేండ్లకు, 1798లో, మాల్తసు జనసంఖ్యను గూర్చిన తన వ్యాసమును ప్రకటించెను. ఇట్టి సహాయమే బీదలను ముందువెనుకలు చూడని పెండ్లికిని సంతానమునకును పురికొల్పుచున్నదని యతని వాదము. 1803 నాటి రెండవ కూర్పున నతడొక విరుగుడును సూచించెను: ఒక గడువును ప్రకటించి, దాని తరువాత జరిగిన పెండ్లిండ్లవలన బుట్టిన బిడ్డలకు ఊరిసహాయముపై హక్కు లేదని శాసింపవలెను. తండ్రి తప్పునకు బిడ్డ శిక్ష ననుభవించుట ప్రకృతిధర్మ మని యతడు సమాధానపడెను.

1834 నాటి బీదల చట్టము అంతదూరము పోకున్నను ఆ త్రోవనే నడచినది. ఒడలు గట్టిగానున్నవాడు సహాయము గోరినచో నాలుబిడ్డలతో వర్కుహౌసున జేరవలెనని దాని యుద్దేశము. అచ్చట భర్తను, భార్యను, బిడ్డలను వేఱువేఱు గదులలో నుంచిరి. ఇంత కాఠిన్యము వహించినను బీదల కాన్పులు తగ్గలేదు. ఇంగ్లండులో సంతానము నిలుకడగా తగ్గసాగినది 1870 దాటిన పిమ్మట. అనగా బిడ్డలు కార్ఖానాలు విడిచి బడులకు పోవుట యలవాటగుచున్న దినములలో. స్పీన్‌హామ్‌లాండు భత్యమువలననే కాన్పులు పెరిగినవన్న వాదమును సైతము తరువాతి చరిత్రకారులు సందేహించిరి. బిడ్డకు జీవనాధారము తీసివేసినంతమాత్రమున బిడ్డలు పుట్టుట మానలేదు, పుట్టినవారు పస్తులుండిరి.

ఈ వాదమునకు సరియైన యెదురువాదము చేసినది ఒక స్త్రీ. 1924లో ఎలినార్ రాత్‌బోను అను విదుషి కుటుంబభత్యములను గూర్చి గొప్ప గ్రంథము వ్రాసి, ఒక సామాన్యసత్యమును లోకము ముందుంచెను. కూలి పనినిబట్టి వచ్చును. ఆకలి నోళ్లనుబట్టి వచ్చును. బ్రహ్మచారికిని అయిదుగురు బిడ్డల తండ్రికిని కూలి యొక్కటియే. ఏ యజమానియు బిడ్డ పుట్టినదని కూలి పెంచడు. పెంచుమని యతనిని బలవంతపెట్టినచో బిడ్డలు గలవానిని పనిలో బెట్టుకొనడు. కావున నీ యంతరమును పూరింపవలసినది సంఘమే. 1945లో పార్లమెంటు కుటుంబభత్యముల చట్టము చేయునపుడు సొమ్మును మొదట తండ్రి పేర నియ్యదలచిరి. ఆమె పట్టుబట్టి, తల్లిచేతికి చేరునట్లు మార్పించెను. 1946 ఆగస్టునుండి మొదటి బిడ్డను విడిచి, తరువాతి ప్రతి బిడ్డకును వారమునకు 5 షిల్లింగులు రాసాగినవి. ఆ దినమును జూడక యామె యా సంవత్సరము జనవరిలోనే మరణించెను.

ఇచ్చట నొక విశేషమును గుర్తింపవలెను. మన ప్రసూతి పథకము మొదటి బిడ్డకిచ్చి తరువాతివారికి చేయి ముడుచుకొన్నది. ఆ చట్టము మొదటి బిడ్డను విడిచి తరువాతివారి కిచ్చినది. సామాన్యపు కూలితో నొక బిడ్డ నెట్లో పెంచవచ్చును, చాలకపోవుట రెండవ బిడ్డతో మొదలగును అని వారి తర్కము. మన తర్కము వేఱు: మొదటి బిడ్డ మనము మెచ్చిన బిడ్డ. ఒకటి యవసరమును కొలుచుచున్నది. రెండవది యోగ్యతను కొలుచుచున్నది.

ఆ దేశమే తిరిగి వెనుకకు నడచినది. 2015లో నాటి ఆర్థికమంత్రి జార్జి ఆస్‌బర్ను, సహాయము పొందు కుటుంబములు స్వశక్తిపై బ్రతుకు కుటుంబములవలెనే బిడ్డలను గూర్చి యాలోచించుకొనవలెనను వాదముతో, సహాయమును ఇద్దరు బిడ్డలకు పరిమితము చేయ దలపెట్టెను. 2017 ఏప్రిల్ తరువాత బుట్టిన మూడవ బిడ్డ మొదలు ఆ నియమ మమలునకు వచ్చెను. 2024 నాటికి దాని తాకిడికి లోనైన యిండ్లలో సుమారు 16 లక్షలమంది బిడ్డలుండిరి. ఆ యిండ్లలో సగమునకు పైగా పెద్దలలో నొకరైనను పనిచేయుచున్న యిండ్లే. కాన్పులమీద దాని ప్రభావము మిక్కిలి స్వల్పమని పరిశోధకులు తేల్చిరి. బీదరికముమీద ప్రభావము మాత్రము స్వల్పము కాలేదు. బలాత్కారమువలన గలిగిన బిడ్డకు మినహాయింపు ఉండెను. కాని దానిని బొందుటకు తల్లి తనకు జరిగిన ఘోరమును పత్రముపై దెలిపి యొక యధికారిచేతనో వైద్యునిచేతనో ధ్రువపఱపించుకొనవలసి యుండెను. బిడ్డల లెక్క పెట్టుట కారంభించిన ప్రభుత్వము చివరకు పడకగది విచారణలోనికి దిగక తప్పలేదు. ఎనిమిదేండ్ల యనుభవము పిమ్మట, 2025 నవంబరులో, ఆ నియమమును 2026 ఏప్రిల్ నుండి రద్దు చేయుదుమని ఆ దేశపు ప్రభుత్వము ప్రకటించినది.

ఇక పరిమితిని గోరువారి వాదములను న్యాయముగా విచారింతము. వారందఱు కఠినహృదయులు గారు. వారిలో మన బంధువులును, స్నేహితులును ఉన్నారు.

వారి మొదటి వాదము బాధ్యతను గూర్చినది. ఒక గుమాస్తా తన జీతమును లెక్కవేసికొని ఒక్క బిడ్డతో నాపివేసెను. అతడు కట్టిన పన్నుతో, లెక్కచూడక నలుగురిని గన్నవాని యిల్లు నడపుట న్యాయమా? ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. నారు పోసినవాడు నీరు పోయడా యని దైవముమీద భారము వైచి కనుచుపోవు తండ్రిని నేనును సమర్థింపను. కాని సహాయము గోరువారందఱు ఆ తండ్రివంటివారే యనుకొనుటలో పొరపాటున్నది. సంపాదన బాగుగానున్న దినములలో ముగ్గురిని గన్న యిల్లాలు, భర్త మరణించిన పిమ్మటనో, మగ్గము మూలబడిన పిమ్మటనో, వరుసగా పంటలు పోయిన పిమ్మటనో చేయి చాచును. బిడ్డ పుట్టినది కలిమిలో. అవసరము వచ్చినది లేమిలో. నీవు మూడవ బిడ్డను గనకుండ వలసినదని యామెకు నేడు చెప్పుటవలన బ్రయోజన మేమి? పుట్టిన బిడ్డను వెనుకకు పంపు దారి యామెకు లేదు.

మఱియొక సంగతి. కనుటయు మానుటయు తల్లి యిష్టమే యైనట్లు మాటలాడువారు మన యిండ్లను చక్కగా జూచినవారు కారు. ఒక కన్ను కన్ను కాదు, ఒక కొడుకు కొడుకు కాదు అను సామెత నోట బెట్టుకొని కోడలిని వేధించు అత్తగారు లేని యూరు కలదా? జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి, 2019-21 నాటికి ఆంధ్రప్రదేశమున వివాహితలలో సుమారు నూటికి 70 మంది కుటుంబనియంత్రణ శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. పురుషులు చేయించుకొన్నది నూటికి ఒక్కటియు లేదు. కనుమని చెప్పువారొకరు, కనువా రొకరు, కోయించుకొనువారు మరల ఆ కనువారే. అట్టి స్త్రీని బాధ్యతలేనిదని నిందించి యామె బిడ్డ బియ్యమును దగ్గించుట రెండవమాఱు శిక్షించుటయే యగును.

వారి రెండవ వాదము జనసంఖ్యను గూర్చినది. దీనికి మన చరిత్రయే సమాధానము. ఆ సర్వేల ప్రకారమే, ఆంధ్రప్రదేశమున స్త్రీకి సగటున 1992-93లో 2.6గా నున్న సంతానము 2019-21 నాటికి 1.7కు దిగినది, తెలంగాణమున 1.8. జనసంఖ్య నిలుకడగా నుండుటకు కావలసిన 2.1 కంటె నివి తక్కువ. పుట్టిన బిడ్డ బ్రతుకునను నమ్మకము, బాలికల చదువు, ఊరిదాపునకు వచ్చిన వైద్యము, బిడ్డను పనికి గాక బడికి పంపుటవలన బెరిగిన ఖర్చు, ఇవి యీ మార్పునకు ముఖ్యకారణములు. పస్తులు పెట్టి యీ ఫలమును సాధింపలేదు. నిజమునకు బీదరికమును శిశుమరణమును ఎక్కువగా నున్నచోటనే సంతానమును ఎక్కువ. రేపు ముగ్గురిలో నెందఱు మిగులుదురో తెలియని తల్లి నలుగురిని గనును.

మూడవ వాదము ధనమును గూర్చినది. ప్రభుత్వపు సొమ్ము పరిమితమైనది. ఎక్కడనో యొకచోట గీత గీయవలెను. ఇది సత్యము. గీతను కలిమినిబట్టి గీయుడని నా మనవి. ఆదాయము, ఆస్తి, ఉద్యోగము వీనిని జూచి, అక్కఱలేని యింటికి మొదటి బిడ్డకును ఈయనక్కఱలేదు. అక్కఱగల యింటికి అయిదవ బిడ్డకును ఈయవలెను. ప్రభుత్వోద్యోగులకిచ్చు పిల్లల విద్యాభత్యము ఇద్దరు పెద్దబిడ్డలకే పరిమితమై యున్నది. దానిని నేను పెద్ద యన్యాయమనను. జీతముపై వచ్చు సౌకర్యమునకు హద్దుండవచ్చును. బ్రతుకునకు కావలసిన బియ్యమునకును, పాలకును, బడికిని అట్టి హద్దు తగదు.

బిడ్డ పెరిగినకొలది ఖర్చు సరిగా నంతే పెరుగదను మాటయు నిజమే. అన్న చొక్కా తమ్మునకు వచ్చును, అక్క పుస్తకములు చెల్లెలికి వచ్చును, ఉయ్యాల యొక్కటియే. బీదరికపు లెక్కలు కట్టు ఆర్థికవేత్తలు ఇంటిలోని మొదటి పెద్దమనిషికి 1, రెండవ పెద్దకు 0.5, ప్రతి బిడ్డకును 0.3 వంతుగా నొక కొలతను వాడుదురు. ఒక్క యింట గలసి బ్రతుకుటవలన గలుగు మిగులు అందులో లెక్కకు వచ్చినది. కాని గమనింపుడు: ఆ కొలతలో మూడవ బిడ్డకు వంతు 0.3 గానే నిలిచినది, సున్న కాలేదు. చొక్కా చేతులు మారును గాని, ఒకరు తిన్న ముద్ద మఱియొకరికి రాదు. కావున భత్యము వరుసలో గొంత తగ్గవచ్చును. తెగరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన విషయమింకొకటి కలదు. మూడవ బిడ్డకు కోసిన సహాయము మూడవ బిడ్డనుండియే పోవునని చట్టము చేయువా రూహింతురు. ఏ తల్లియు అట్లు వడ్డింపదు. కుండలోని యన్నము తగ్గినపుడు అందఱి పళ్లెములలోను తగ్గును. అందఱికంటె ముందు తల్లి పళ్లెములో తగ్గును. ఆ తరువాత నెవరి పళ్లెములో తగ్గునో చెప్పుటకు మన కుటుంబములు కూడిన తీరును తలచుకొన్న చాలును. కొడుకు కొఱకు ఎదురుచూచు యింట మొదట బుట్టినవారు కూతుండ్రు. కొడుకు పుట్టగానే కాన్పులు నిలిచిపోవును. కావున పెద్ద కుటుంబములలో బెరుగువారు ఎక్కువగా నాడుపిల్లలే. ముగ్గురు అక్కల తరువాత నొక తమ్ముడు పుట్టినయింట, చట్టపు వరుసలో నాలుగవవాడు ఆ తమ్ముడు. అన్నపు వరుసలో మొదటివాడు. కాగితముపై అతనికి లేకుండ చేసిన పాలును ఇల్లు అక్కల చదువునుండియు పోషణమునుండియు తీసి యతని కిచ్చును. బిడ్డల సంఖ్యకు విధించిన జరిమానాను కట్టునది యెవరన, ఆ సంఖ్య పెరుగుటకు ఏ మాత్రమును కారకురాలు గాని పదేండ్ల పెద్దకూతురు. స్త్రీజనాభ్యుదయము గోరు మన సంస్కర్తలు ఈ విషయమును చాలినంతగా విచారింపలేదు.

ఇప్పుడు గాలి రెండవవైపునకు తిరిగినది. ఆంధ్రప్రదేశపు 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ఇద్దరికంటె నెక్కువ బిడ్డలు గలవారిని స్థానిక యెన్నికలలో పోటీకి అనర్హులను జేసెను. ఇట్టిదే యైన హర్యానా నియమమును 2003లో సుప్రీముకోర్టు సమర్థించెను. ముప్పదియేండ్లకు, 2024 నవంబరులో, ఆంధ్రప్రదేశ శాసనసభ ఆ నియమమును తొలగించెను. దానికి నెల ముందు, ఇద్దరికంటె నెక్కువమంది గలవారికే పోటీ యర్హత కల్పించు చట్టమును ఆలోచించుచున్నామని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు చెప్పెను. ముసలివారు పెరిగి, పనివారు తరుగుదురను భయము దీనికి కారణము. ఆ భయము నిరాధారము కాదు. ఫ్రాన్సు వంటి దేశము లిట్టి భయముతోనే చాలకాలముగా రెండవ బిడ్డనుండి భత్యమిచ్చి, మూడవ బిడ్డకు హెచ్చించి యిచ్చుచున్నవి.

చేరెడు బియ్యము కోసివేయుటకంటె చేరెడు చేర్చుట మేలు. అందువలన నీ రెండవ పద్ధతిని నేను మొదటిదానితో సమానముగా నిందింపను. కాని రెండింటికిని మూలమొక్కటే. మొదటి వాదమున మూడవ బిడ్డ దేశమునకు బరువు. రెండవ వాదమున దేశమునకు పెట్టుబడి. రెండింటిలోను ఆ బిడ్డను పెద్దల లెక్కలు సరిచేయుటకు వచ్చిన యంకెగా జూచుటయే. 1995లో బుట్టిన మూడవ బిడ్డయు, 2025లో బుట్టిన మూడవ బిడ్డయు ఒకే తీరున నేడ్చును; ఒకే తీరున పాలు గుడుచును; ఒకే తీరున అక్షరములు దిద్దును. ముప్పదియేండ్లలో మారినది జనగణన పట్టికయే గాని బిడ్డ యవసరము కాదు. పట్టికతో పాటు మారిపోవు దయను నమ్ముకొని యే తల్లి సంసారము నడపగలదు? నేడు బహుమానమునకై కన్న బిడ్డకు, పదియేండ్లకు లెక్క తిరుగబడినపుడు, ఆధారమేమి? బహుమానము కాన్పునాడు ముగియును. ఆకలి యిరువదియేండ్లు సాగును.

కావున నా యభిప్రాయ మిది. సంతానము తగ్గవలెనన్నను పెరుగవలెనన్నను అందులకు వేఱు సాధనములు కలవు. బాలికలను పూర్తిగా చదివింపవచ్చును. పెండ్లిని ఆలస్యము చేయవచ్చును. నియంత్రణభారమును పురుషులతో పంచుకొనవచ్చును. కనదలచిన స్త్రీకి ఉద్యోగము పోకుండ చూడవచ్చును. శిశుసంరక్షణ కేంద్రములు పెట్టవచ్చును. ఈ సాధనము లన్నియు పెద్దలతో మాటలాడును. పెద్దల బుద్ధికిని వసతికిని సంబంధించినవి. బిడ్డ పళ్లెమును వీనిలో నొక సాధనముగా వాడరాదు. పుట్టకముందు ఎంత వాదమైనను చేయవచ్చును. పుట్టిన తరువాత ఆ బిడ్డ మొదటిదో, అయిదవదో అడుగకుండ, దాని కేమి కావలెనో యడుగవలెను.

ఇది చట్టములు చేయువారికే గాక మనకును వర్తించును. మన యింట అంట్లు తోము స్త్రీ నాలుగవ బిడ్డను చంకనెత్తుకొని వచ్చినపుడు, ఇందఱిని గనుట యెందులకని మొగముమీదనే యడుగు గృహిణులను మనమెఱుగుదుము. ఒక్కొక్కప్పుడు ఆ ప్రశ్న మన నోటనే వచ్చును. ఆ తల్లి తలవంచుకొనును. చంకలోని బిడ్డ ఆ మాట నర్థము చేసికొనదు గాని, మఱి కొన్నియేండ్లకు బడిలోను, రేషను దుకాణమునొద్దను, ఆసుపత్రిలోను ఆ మాటయే వేఱు రూపమున వినును. తా నధికమని యెఱుగుచు పెరుగును. విద్యావంతుల యిండ్లలో నీ ప్రశ్న యాగిపోయిన దినమున చట్టపు భాషయు మారుటకు దారి యేర్పడును. అంతవఱకు, మన వాకిటికి వచ్చిన యా బిడ్డకు ముందు పాలు పోసి, తల్లితో చెప్పదలచిన మాట లేవైన నున్నచో పిమ్మట చెప్పుదము.